లాంకాస్టరు సీమ – అచ్చటి పెండ్లి కథలు

అమెరికా యనగానే మనవారికి ఆకాశము నంటు మేడలును, ఒకదాని వెంట నొకటి పరుగులెత్తు మోటారుకార్లును జ్ఞప్తికి వచ్చును. పెన్సిల్వేనియా రాష్ట్రములోని లాంకాస్టరు సీమ అట్టిది కాదు. ఫిలడెల్ఫియా నగరమునుండి రైలులో పడమరగా గంటకు పైచిలుకు పయనించునప్పటికి మేడలు వెనుకబడును. మొక్కజొన్న చేలు, ఎత్తైన గాదెలు, చేల నడుమ కంచరగాడిదలను పూన్చి సేద్యము చేయు గడ్డపు మగవారు కనబడుదురు. తారు రోడ్డుమీద కార్ల ప్రక్కనే బూడిదవన్నె గూడుబండ్లు ఒంటిగుఱ్ఱముతో సాగిపోవుచుండును. అందు కూర్చున్న స్త్రీల తలలపై తెల్లని పలుచని టోపీలు. వారి దుస్తులకు బొత్తాములకు మారు గుండుసూదులు. వీరే ఆమిష్ వారు. ఈ సీమలో 40,000కు పైగా నున్నారు. ఇంట జర్మను యాస మాటలాడుదురు, ప్రార్థన పాత జర్మనులో జరుపుదురు, బడిలో ఇంగ్లీషు నేర్తురు. తమవారు కాని వారినందఱను, మనవంటి నల్లవారినైనను సరే, "ఇంగ్లీషువారు" అనియే పిలుతురు!

దసరా సెలవులకు మఱికొన్ని దినములు కూర్చుకొని మావారును మేమును అమెరికా చేరి, ఫిలడెల్ఫియా చెంత కాపురమున్న మా మరిది యింట దిగితిమి. లాంకాస్టరు చూడవలెనన్నది మా తోడికోడలి కోరిక. ఆమెకు ఈ సీమ కథలన్న ప్రాణము. ఆమె బీరువాలో రెండు అరల నిండ ఒకే మాదిరి అట్టలు గల నవలలు. ప్రతి అట్టమీదను తెల్లటోపీ పెట్టిన కన్యక, ఆమె వెనుక పచ్చని చేను. మావారు చూచి, "ఇవన్నియు ఒకే పుస్తకము కాదుగదా?" అని పరిహాసమాడిరి. ఆమె నవ్వి, "బావగారూ, మన ప్రబంధములన్నిటిలోను నాయిక కన్నులు కలువలే కదండీ!" అనెను. మావారు మరల పలుకలేదు.

ఆమె గుంటూరు పిల్ల. లూథరను క్రైస్తవుల యింట పుట్టినది. గుంటూరులో 1842లో మిషను నెలకొల్పిన హయ్యరు దొరగారు ఈ పెన్సిల్వేనియా లూథరనులు పంపగా వచ్చినవారే. 1883లో అచ్చటికి వచ్చి, స్త్రీలకు వైద్యము చేసి, ఆసుపత్రి కట్టించిన డాక్టరు అన్నా కుగ్లరు ఈ రాష్ట్రపు ఆడబిడ్డయే. "నేను ఆ ఆసుపత్రిలోనే పుట్టితిని, అక్కయ్యగారూ. ఒక విధముగా ఇది నాకు పుట్టినింటివారి ఊరు," అని ఆమె రైలులో మాతో చెప్పినది. మా మరిది ఈమెను పెండ్లాడి తొమ్మిదేండ్లైనది. రిజిస్ట్రారు కచేరీలో జరిగిన ఆ పెండ్లికి మా యింటి పెద్దలెవ్వరును వెళ్ళలేదు. మా అత్తగారు ఆనాటినుండి ఈ కోడలి పేరు నోట పలుకలేదు. మా రాకకు ఆవిడ అడ్డు చెప్పలేదు, ఔననియు అనలేదు.

ఇక నవలల మాట. భక్తిని ప్రేమకథతో పెనవేసి వ్రాయుట అమెరికాలో క్రొత్త కాదు. గ్రేసు లివింగ్‌స్టన్ హిల్ అను నామె (1865–1947) ఈ రాష్ట్రములోనే స్వార్త్‌మోర్ గ్రామమున నివసించి నూఱు నవలలకు పైగా వ్రాసెను. 1979లో కెనడా దేశస్థురాలు జానెట్ ఓక్ వ్రాసిన "లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ" మఱల ఒక పెద్ద వాహినికి గట్టు తెగగొట్టెను. బండ్లబాటలో భర్త చనిపోయిన గర్భిణి, అదే దినమున తల్లిలేని పసిబిడ్డగల యొక అపరిచితుని పెండ్లాడవలసి వచ్చును. చలికాలము గడచువఱకు బిడ్డకు తల్లిగా నుండిన చాలును, వసంతమున పుట్టినింటికి పంపెదనని అతడు మాట యిచ్చును. వసంతము వచ్చును, ఆమె పోదు. ముందు పెండ్లి, పిదప పరిచయము, అటుపై ప్రేమ! మన అమ్మమ్మల కిందులో వింత యేమున్నది?

ఇట్టి నవలలకు కట్టుబాట్లు కలవు. పడకటింటి తలుపు పాఠకులకు తెరువబడదు. బూతుమాట వినబడదు. కథ పెండ్లితోనో, విరిగిన కాపురము అతుకుకొనుటతోనో ముగియును. నడుమ ఎవరో యొకరు ఎవరినో యొకరిని క్షమింపవలెను. ఈ సోదరీమణులు ప్రేమను చక్కగా వ్రాయుదురు. పెండ్లిని మఱింత చక్కగా వ్రాయుదురు. పిండివంటలు సైతము వదలరు. క్షమయే వారికి కొఱుకుడు పడదు. చివరనుండి రెండవ ప్రకరణమున కన్నీరు ధారగా కాఱును. ఆ కన్నీటిలో కోపము కొట్టుకొనిపోవును. మఱుసటి పుటలో వధువు సిద్ధముగా నుండును. ఇది మాకు తోచిన లోపము. మా తోడికోడలు ఒప్పుకొనలేదు.

లాంకాస్టరును ఈ కథలకు పుట్టినిల్లు చేసినది బెవర్లీ లూయిసు. 1949లో ఇచ్చటనే పుట్టినది. 1997లో ఆమె ప్రకటించిన "ది షన్నింగ్" పది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయినది. షన్నింగ్ అనగా వెలి. కేటీ యను ఆమిష్ కన్యక, భార్య గతించిన బిషప్పునకు రెండవ పెండ్లామగుటకు ఒప్పుకొన్న తరుణమున, అటకమీది పెట్టెలో పసిబిడ్డ తొడుగుకొను పట్టుగౌను దొరకును. ఆమిష్ ఇంట పట్టుగౌనా! తాను పెంపుడు బిడ్డనని అప్పుడు తెలియును. పెండ్లినాడే ఆమె లేచిపోవును. పాటలు పాడితినని పశ్చాత్తాపపడనొల్లనందున సంఘము ఆమెను వెలివేయును. తన అమ్మమ్మ బ్రతుకే ఆ కథకు బీజమని రచయిత్రి చెప్పియున్నది. ఆ పుస్తకము దారి చూపగా వ్రాయువారు పెరిగిపోయిరి. 2012 ఒక్క సంవత్సరముననే ఆమిష్ ప్రేమ నవలలు 85 వెలువడెనని ఒక పరిశోధకురాలు లెక్కించినది. అందు ఆమిష్ స్త్రీలు వ్రాసినవి బహు తక్కువ. ఈ సీమవారిని గూర్చి బయటివారు వ్రాయుట నూఱేండ్లకు పైబడిన వాడుకయే. 1904లో హెలెన్ మార్టిను "టిల్లీ" యను నవలలో ఇచ్చటి తండ్రులను పిసినారులుగ, మోటువారుగ చిత్రించెను. అది పొసగక, ఇదే రాష్ట్రమున వేఱొక లోయలో పెరిగిన జోసెఫ్ యోడరు 1940లో తన తల్లి కథనే "రొజానా ఆఫ్ ది ఆమిష్" అని వ్రాసెను.

లాంకాస్టరు పట్టణమునుండి తూర్పుగా పాత ఫిలడెల్ఫియా బాట పోవును. మేము ఆ ప్రాంతమున "బర్డ్-ఇన్-హ్యాండ్" అను ఊరును, తరువాత "పారడైజ్" అను ఊరును చూచితిమి. చేతిలోని పిట్ట యొక ఊరి పేరు; స్వర్గము మఱియొక ఊరి పేరు! దారి పొడుగున యాత్రికులకు దుకాణములు, గుఱ్ఱపుబండ్ల షికారులు, నవలలకు ప్రత్యేకముగ బీరువాలు. ఆ సందడి మాకు రుచింపలేదు. ప్రక్కసందులోనికి తిరిగితిమో, అంతయు నిశ్శబ్దము. తీగలమీద ఊదా, నీలి, పచ్చ బట్టలు వరుసగా ఆరుచుండెను. ఇంటికి దూరముగ, సందు మొగను ఒక చిన్న కొయ్యగది, అందు టెలిఫోను. ఇంటిలోపల నుండిన మాటల సందడి పెరిగి కలిసి భుజించుట తరుగునని వారి వాదము. ఈ యొక్క నియమమును మన యిండ్లకు తెచ్చుకొనవచ్చునని మావారనిరి. పలుకుచుండగనే వారి జేబులోని ఫోను మ్రోగెను.

ఒక పెరటిలో ఒకేరకపు ఆకుకూర పెద్దమడిగా ఎత్తుగా నిలిచియుండెను. "ఆ యింట పెండ్లి యున్నది!" అని మా తోడికోడలు బండి నాపించెను. అది సెలెరీ; కొత్తిమీర యాకువంటి ఆకు, లావైన కాడ. ఆమిష్ వారి పెండ్లిభోజనమునకు కాడలను మీగడతో వండుదురు, మిగిలినవి గాజుకూజాలలో పూలవలె బల్లలమీద నిలుపుదురు. మున్నూఱుగురు అతిథులకు ఎంత కూర కావలెనో తెలిసినవారు కనుక, మడి కొలతను బట్టి ఇరుగుపొరుగువారు శుభలేఖ రాకముందే లెక్క వేసికొందురు. పెండ్లిండ్లు కోతలు ముగిసిన పిదప నవంబరులో జరుగును. ఇటీవల సంఖ్య పెరిగి వసంతమునను జరుపుచున్నారు. వారములందు మంగళ గురువారములే ముహూర్తములు. వధువు ఇంటనే పెండ్లి. ఉంగరము లేదు, పూలహారము లేదు, ఫోటో లేదు. వరుడు ఆనాటినుండి గడ్డము పెంచును, మీసము మాత్రము తీయును. వధువు ఆ దినమున కట్టుకొన్న తెల్లని పైట, ముందుగుడ్డ మడిచి పెట్టెలో దాచుకొనును. ఆమె చనిపోయినప్పుడు వానితోనే పూడ్తురని చెప్పుదురు. విడాకులు వారి సంఘమున లేవు. మంగళసూత్రము లేని ఈ పెండ్లిలో ఆ తెల్లబట్టయే మాకు మంగళసూత్రమువలె తోచెను.

ఇంత మృదువైన మనుష్యులలో వెలి యెట్లు పుట్టెను? అసలు ఆమిష్ శాఖ పుట్టినదే వెలి కొఱకు. 1693లో స్విట్జర్లండు, అల్సాసు సీమలలోని మెన్నొనైట్ భక్తులలో యాకోబు అమ్మన్ అను బోధకుడు, సంఘము విడిచినవారితో కలిసి భుజించరాదని పట్టుపట్టి వేఱుపడెను. అతని పేరే వీరికి పేరైనది. పెరిగి పెద్దయై తెలిసి బాప్తిస్మము పుచ్చుకొన్నవారు ఆ ప్రమాణము తప్పినచో వెలి. చిన్నతనమున, ప్రమాణము చేయకమునుపు వెడలిపోయినవారికి వెలి లేదు. వెలిపడిన కూతురు ఇంటికి రావచ్చును. ఆమెకు వేఱొక బల్లమీద అన్నము పెట్టుదురు. ఆమె చేతినుండి వస్తువు తీసికొనరాదు. ఆమె బల్లపై నుంచిన, అవతలివారు బల్లపైనుండి తీసికొందురు. మన పల్లెలలో నిప్పు నీరు బందు చేయుట యెఱిగిన మాకు ఇది క్రొత్తగా లేదు.

అయినను వీరి యిండ్లలో బైబిలు ప్రక్కన నుండు పెద్ద పుస్తకము వేఱొక మాట చెప్పును. దాని పేరు "మార్టిర్స్ మిర్రర్". 1660లో డచ్చి భాషలో వెలసినది. అందు డిర్కు విల్లెమ్సు కథ కలదు. 1569లో, మతము కొఱకు చెఱపడి పారిపోవుచు అతడు మంచుగడ్డకట్టిన నీటిని దాటెను. తరుముచు వచ్చిన భటుడు మంచు విరిగి నీటబడెను. డిర్కు వెనుకకు తిరిగి వానిని పైకి లాగెను. పట్టుబడి, కాల్చి చంపబడెను. ఆమిష్ బిడ్డలు ఈ కథ వినుచు పెరుగుదురు. ఏటికి రెండుమార్లు ప్రభుభోజనము తీసికొనుటకు ముందు, ఒకరిపై నొకరికి మనస్పర్ధ యున్నచో తీర్చుకొనవలెను. తీరకున్నచో భోజనమే వాయిదా పడవచ్చును. క్షమించినవారికే క్షమ యను ప్రభువు ప్రార్థనను వారు అక్షరాల నమ్ముదురు.

ఆ నమ్మకము 2006 అక్టోబరు 2వ తేదీన పరీక్షకు వచ్చెను. సీమకు దక్షిణమున పూర్వము నికెలు గనులుండిన నికెల్ మైన్స్ అను పల్లెలో ఒంటిగది బడి. పాలలారీ తోలు గృహస్థుడొకడు తుపాకులతో ప్రవేశించి, మగపిల్లలను వెలుపలికి పంపి, పదిమంది బాలికలను కాల్చి తానును కాల్చుకొనెను. ఐదుగురు బాలికలు చనిపోయిరి. వారందఱు పదునాలుగేండ్ల లోపలివారు. తొమ్మిదేండ్ల క్రితము పుట్టినంతనే చనిపోయిన తన శిశువును మఱువలేక, దేవునిపై కోపము మానలేక యున్నానని అతడు భార్యకు వ్రాసిపెట్టెను.

ఆ సాయంకాలమే ఆమిష్ వారు హంతకుని భార్యయొద్దకును, తల్లిదండ్రులయొద్దకును వెళ్ళి, మీపై మాకు పగ లేదని చెప్పిరి. అతని శవమును పూడ్చునాడు వచ్చినవారిలో సగమునకు పైగా ఆమిష్ వారే. దేశమంతటినుండి వచ్చిన ధనములో కొంత హంతకుని భార్యాబిడ్డలకును ఇచ్చిరి. పది దినములలో బడిని పడగొట్టి పచ్చికబీడు చేసిరి. 2007 ఏప్రిల్ 2వ తేదీన వేఱొకచోట క్రొత్తబడి తెరచిరి. హంతకుని తల్లి, గాయపడి కదలలేక పలుకలేక యున్న యొక బాలికకు వారము వారము వచ్చి స్నానము చేయించి, కథలు చదివి, పాటలు పాడెను. ఆమె 2017లో చనిపోయినది. ఆ బాలిక తల్లిదండ్రులు ఆమెకు తలుపు తెరచిరి, బిడ్డను చేతి కిచ్చిరి. ఇది ఏ నవలలోనైన వ్రాసినచో మేము నమ్మియుండెడివారము కాము.

మేము ఆ బీడు ప్రక్కగా బండిలో వెళ్ళితిమి. ఆగి చూచుట మర్యాద గాదని మావారనగా ఆగలేదు. దూరమున ఒంటిగది బడి యొకటి కనబడెను. పిల్లలు విరామమున బంతి యాడుచుండిరి. ఒక పంతులమ్మ, పెండ్లికాని పిల్ల, ఎనిమిది తరగతులు నడుపును. ఎనిమిదవ తరగతితో వారి చదువు సరి. 1972లో దేశపు సర్వోన్నత న్యాయస్థానము అందుల కంగీకరించినది. మావారు చాలసేపు ఆ బడివంక చూచిరి. ఆడపిల్లలకు అంతటితో చదువు చాలునా యని అడుగగా వారు ప్రత్యుత్తర మీయలేదు. మాకు చాలదనియే తోచినది.

ఆ త్రోవలో మాకు ద్రౌపది జ్ఞప్తికి వచ్చినది. భాగవతము ప్రథమ స్కంధమున, నిద్రించుచున్న ఆమె యైదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ఎదుట నిలుపును. భీముడు చంపుమనును. ఆమె విడువుమనును. కారణము? ఇంటివద్ద వాని తల్లి కృపి యున్నది; నేనేడ్చినట్లు ఆమె యేడువరాదు. ఐదుగురు బిడ్డలు పోయిన తల్లి, చంపినవాని తల్లిని తలచుకొనుట! అరణ్యపర్వమున, ఎల్లప్పుడును క్షమ తగదని ధర్మరాజుతో వాదించిన ద్రౌపదియే ఈ మాట పలికినది కనుక దానికి బరువెక్కువ. ఆమెకు కన్నీరాగి క్షమ కలుగలేదు, ఏడ్చుచునే క్షమించినది. ఆమిష్ వారును అట్లే. మాట ముందు, మనస్సు వెనుక. క్షమించితిమని ఆనాడే చెప్పితిమి గాని, ప్రతి ఉదయమును మరల చెప్పుకొనవలసి వచ్చుచున్నదని ఆ తల్లిదండ్రులు తరువాత చెప్పిరట. నవలలు చివరనుంచినది వీరు మొదట నుంచుకొనిరి.

ఈ మాట మేమనగా మా తోడికోడలు చాలసేపు పలుకలేదు. పిదప, "హంతకుని ఒక్క పూటలో క్షమించినవారు, పాటలు పాడిన కూతురిని ఏండ్ల తరబడి బల్లకు దూరముగ నుంతురే, అక్కయ్యగారూ! అది యెట్లు?" అని అడిగెను. హంతకుడు వారికి ప్రమాణము చేసినవాడు కాడు, కూతురు చేసినది. ఆమెపై పగ లేదు, ఆమె మోకరించి ఒప్పుకొన్న దినమున తలుపు తెరచియే యుండును, ఆపైన ఆ మాట యెవ్వరు నెత్తరు — ఇది వారి సమాధానము. అశ్వత్థామను ప్రాణముతో విడిచినవారు సైతము శిరోమణిని కోసికొని, శిబిరమునుండి వెడలగొట్టిరి గదా యని మావారు ఆ సమాధానమునకు తోడు పలికిరి. మాకు మాత్రము మనస్సొప్పలేదు. బల్ల వేఱు చేసి పెట్టిన అన్నము అన్నమెట్లగును?

శుక్రవారము లాంకాస్టరు పట్టణములోని సెంట్రలు మార్కెట్టునకు వెళ్ళితిమి. 1889లో కట్టిన ఎఱ్ఱయిటుక కట్టడము. టోపీ స్త్రీలు గుడ్లు, రొట్టెలు, చక్కెర ద్రావకముతో నానబెట్టిన "చౌచౌ" అను కలగూర పచ్చడి అమ్ముచుండిరి. కారమే లేని పచ్చడిని పచ్చడి యనుటకు మాకు నోరు రాలేదు. ఒక వృద్ధురాలిని, మీ కథలు గల నవలలు చదువుదురా యని మా తోడికోడలు అడిగెను. మనుమరాండ్రు చదువుదురనియు, తనకు గుడ్ల లెక్క చూచుకొనుటతోనే ప్రొద్దు చాలదనియు ఆమె నవ్వుచు చెప్పెను.

తరువాత నొక బొంతల దుకాణము. ఆమిష్ బొంతలు జగత్ప్రసిద్ధములు. చతురము నడుమ వజ్రాకారము, ముదురు ఊదా, ఎఱుపు, నీలి అతుకులు, మీద చీమలబారువంటి కుట్టు. ఇప్పుడు కుట్టునవి చాలవఱకు నూలువి. మా తోడికోడలు అవన్నియు విడిచి, పాతకాలపు ఉన్ని బొంత కావలెనని దుకాణమంతయు వెదకెను. చివరకు మూలనుండి చిన్నది యొకటి, కూర్చున్నవారి మోకాళ్ళకు చాలునంతది, దొరకెను. ధర విని మా మరిది ముఖము త్రిప్పుకొనెను. "నూలుది అందముగా నున్నదే!" అని మేమంటిమి.

"ఉన్నికి మైల లేదట గదండీ. అత్తయ్యగారు మడిలో నున్నను కప్పుకొనవచ్చును. ఆవిడకు మోకాళ్ళ నొప్పులని మీరు వ్రాసితిరి," అని ఆమె ధనము చెల్లించెను.

ఆ రాత్రి యింటికి వచ్చి ఆ బొంతను మడిచి కాగితమున చుట్టెను. మా పెట్టె తెరచియుండెను. మేము చేయి చాచితిమి. ఆమె మా చేతి కీయలేదు. భోజనపు బల్లమీద నుంచి, రెండడుగులు వెనుకకు జరిగి నిలిచినది. మేము బల్లపైనుండి తీసికొని పెట్టెలో, చీరల నడుమ నుంచుకొంటిమి.